ఆశ్లేషకు ముందు రెండు నిమిషాలు

రబ్బరు షీటు మీద రక్తం ఆరకముందే కడగాలి. ఆరిందంటే ఎంత తోమినా అంచుల్లో గోధుమరంగు చార ఉండిపోతుంది. ఆ చార డాక్టర్ మేడం కంట పడిందా, ఇక ఆ రోజంతా అందరికీ అక్షింతలే. అందుకే సాలవ్వ పొద్దున ఏడింటికల్లా నర్సింగ్‌హోమ్ వెనక నల్లా కింద గొంతుకూర్చుని, షీటును బండ మీద పరిచి, బ్లీచింగ్ నీళ్లు చల్లి కొబ్బరిపీచుతో తోముతోంది. రాత్రి డ్యూటీ ఆయా కడగకుండా వదిలేసిపోయిన షీటు అది. వారంలో నాలుగు రోజులు ఇదే తంతు. అడిగితే "యాది మర్చిన సాలవ్వా" అంటుంది. మరుపు కూడా కొందరికి ఎంత బాగా అక్కరకొస్తుందో!

సాలవ్వకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి, గట్టి మనిషి. నుదుట బొట్టు లేదు, మెడలో నల్లదారానికి చిన్న సిలువ ఉంది. నడుము దగ్గర కోటు గుండీ ఊడిపోతే పిన్నీసు పెట్టుకుని ఏడాదయింది. ఇరవై నాలుగేళ్లుగా బ్లీచింగ్‌లోనూ ఫినాయిల్‌లోనూ నానీ నానీ అరచేతులు తెల్లగా పాలిపోయాయి. వేళ్ల సందుల్లో పగుళ్లు. ఇంట్లో పచ్చిమిరపకాయ తుంచితే ఆ పగుళ్లు భగ్గుమంటాయి, అయినా ఆమె చేతులు చూసుకుని కూర్చునే రకం కాదు. కుడిచేతి చూపుడువేలి గోరు మాత్రం మంచం ఇనుప కడ్డీ కింద నలిగి సగమే మిగిలింది. అది చూసుకున్నప్పుడల్లా ఒక బూతుమాట అనుకుంటుంది.

ఈ ఇరవై నాలుగేళ్లలో ఎల్లారెడ్డిలో సగంమంది పిల్లలు ఆమె చేతుల మీదుగానే బట్టల్లోకి వెళ్లారు. వాళ్లలో కొందరు ఇప్పుడు ఆటోలు నడుపుతున్నారు, కొందరు సెల్‌ఫోన్ దుకాణాల్లో కూర్చుంటున్నారు. బస్టాండు దగ్గర ఎదురైతే ఒక్కరూ గుర్తుపట్టరు. పట్టాలని ఆమె కూడా అనుకోదు. కాన్పు గదిలో ఆమె పేరు ఆయా. అంతే.

అయితే ఆ పాడయిన వేళ్లకు ఒక విద్య తెలుసు. అది తల్లి ఈరవ్వ నేర్పింది.

ఈరవ్వ మంత్రసాని. చుట్టూ ఏ ఊళ్లో నొప్పులు మొదలైనా ఆమెకే కబురొచ్చేది. పెద్దిళ్లలో ఆమెను వాకిట్లో నిలబెట్టి మాట్లాడేవాళ్లు, నొప్పులు ముదిరాక మాత్రం చేయి పట్టుకుని లోపలికి లాక్కెళ్లేవాళ్లు. పన్నెండేళ్ల సాలవ్వ తల్లి వెంట వేడినీళ్లు మోస్తూ తిరిగింది. ఒక్క విషయంలో ఈరవ్వ ఎవరి మాటా వినేది కాదు. బిడ్డ పడగానే బొడ్డు కోయనిచ్చేది కాదు. మాయ పడేదాకా, కనీసం బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగి తెల్లబడేదాకా, బిడ్డను తల్లి కాళ్ల మధ్యే పాత చీర మీద ఉంచి, తాడును రెండు వేళ్ల మధ్య పట్టుకుని కూర్చునేది. తొందరపెట్టే ముసలమ్మలను కసిరేది.

"తల్లి ఇంకా ఇస్తనే ఉన్నది. ఇయ్యనీ! నడుమ నీదేం పోతున్నది?"

ఆ తాడును సాలవ్వ చేత కూడా పట్టించేది. వేళ్ల మధ్య అది టకటకమని కొట్టుకునేది. మెల్లగా నెమ్మదించేది. తర్వాత నీలంగా, లావుగా ఉన్నదల్లా తెల్లగా, వడిలిన తీగలా అయిపోయేది. అప్పుడు ఈరవ్వ "ఆఁ, ఇగ కొయ్యి" అనేది.

కాన్పులు ఇళ్లు విడిచి దవాఖానాలకు వెళ్లిపోయాక ఈరవ్వ పని పోయింది. సాలవ్వ మొగుడు ఏసయ్య రైసుమిల్లులో బస్తాలు మోసి మోసి దగ్గుతో పోయాక, కూతురు ఎస్తేరును సాకడానికి సాలవ్వ ఈ నర్సింగ్‌హోమ్‌లో చేరింది. చేరిన మొదటి నెలలోనే ఒక కాన్పులో నోరు జారింది.

"తాడు ఇంకా కొట్టుకుంటున్నది మేడం. జర ఆగుండ్రి."

మేడం అప్పుడు వయసులో చిన్నది, కొత్తగా ఆసుపత్రి పెట్టుకుని ఉంది. కత్తెర చేతిలో పట్టుకుని సాలవ్వ వైపు ఒక చూపు చూసింది. "ఇది మీ వాడకట్టు కాదు. ఇక్కడ మంత్రసాని వేషాలేస్తే ఇంటికి పంపిస్తా" అంది. నర్సులు కిసుక్కున నవ్వారు. సాలవ్వ ఆ రోజు మూసుకున్న నోరు ఇరవై రెండేళ్లు తెరవలేదు. బిడ్డ బయటపడటం, క్లిప్పు పెట్టడం, కత్తెర ఆడించడం, అన్నీ ఒక్క ఊపిరిలో అయిపోయేవి. కొట్టుకుంటున్న తాడు ముక్కను బకెట్లో వేసి బయటకు మోసుకెళ్లడం ఆమె పని. మోసుకెళ్లింది.

రెండేళ్ల కిందట నర్సు అరుణజ్యోతి కామారెడ్డిలో రెండు రోజుల ట్రైనింగుకు వెళ్లి వచ్చి, కాన్పు గది గోడకు ఒక కాగితం అంటించింది.

"ఏముంది సిస్టర్ గండ్ల?" అని అడిగింది సాలవ్వ.

"పిల్ల పుట్టినంక ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగి బొడ్డు కొయ్యాలంట. అట్ల ఆగితే మాయలున్న రక్తం పిల్లకే పోతది, ఒంట్ల బలముంటది. నెలలు నిండని పిల్లలకైతే పానం నిలవెడతదంట."

సాలవ్వకు నవ్వొచ్చింది. "గిది మా అవ్వ ఎప్పుడో చెప్పింది గద!"

"మీ అవ్వ ఏ కాలేజీల చదివిందో" అని అరుణజ్యోతి ఆటపట్టించింది. మంచి పిల్లే, మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు. సాలవ్వ కూడా నవ్వింది. తర్వాత బకెట్ తీసుకుని వెనక్కి వెళ్లి, నల్లా తిప్పి, ఆ చప్పుడులో వెక్కి వెక్కి ఏడ్చింది. ఈ ఇరవై రెండేళ్లలో పుట్టిన పిల్లలెంతమంది! వాళ్లందరికీ రావలసింది బకెట్లలో తీసుకెళ్లి గుంటలో పోసింది తానే కదా. కోపం మేడం మీద వచ్చింది, తన మీద ఇంకా ఎక్కువ వచ్చింది. ఎవరితో చెప్పుకుంటుంది? నల్లా కట్టేసి లోపలికొచ్చింది.

అప్పటినుంచి తాడు పట్టుకునే పని మాత్రం ఆమెకు దక్కింది. నర్సు గడియారం చూస్తుంది, సాలవ్వ వేళ్లతో చూస్తుంది. ఇద్దరి లెక్కా ఇంచుమించు కలుస్తుంది. ఆ రెండు నిమిషాలూ ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. నిజం చెప్పాలంటే, ఆమె బతుకులో ఆమెకంటూ మిగిలిన సంతోషం అదొక్కటే.

ఆ రోజు తొమ్మిదిన్నరకు ఒక తెల్ల కారు వచ్చి మెట్ల ముందు ఆగింది. అందులోంచి సుష్మితను చెరో రెక్కా పట్టుకుని దించారు ఆమె మొగుడు శ్రావణ్, అత్త నర్సవ్వ. దగ్గరి ఊరి రైతులు. రెండు ట్రాక్టర్లు, వరికోత మిషను ఉన్న ఇల్లు. సుష్మితకు ఇంకా ఎనిమిదో నెల. పొద్దున ఉమ్మనీరు పోయింది.

మేడం చేయి పెట్టి చూసి పెదవి విరిచింది. "ఎనిమిదో నెల పిల్లను పెట్టుకునే సామాను ఇక్కడ లేదు. కామారెడ్డి పోవాలె. కానీ ఇప్పుడు పంపిస్తే దారిలోనే అయిపోతది. ఇక్కడే చేద్దాం. నగేశ్‌కు ఫోన్ చేసి అంబులెన్స్ తెచ్చిపెట్టమనండి."

మేడం చెడ్డది కాదు. ఆ మాట సాలవ్వ కూడా ఒప్పుకుంటుంది. అవసరమైతే రాత్రనక పగలనక నిలబడి కాన్పు చేస్తుంది. కాకపోతే వచ్చినవాళ్ల మాట కాదనలేదు. ముహూర్తం పెట్టించుకొచ్చి "ఫలానా గంటకు కోసి తియ్యండి" అనేవాళ్లు నెలకు నలుగురైదుగురుంటారు. వాళ్లకు తల ఊపీ ఊపీ మేడంకు అదొక అలవాటయింది.

నర్సవ్వ బెంచీ మీద కూర్చోగానే ఫోన్ తీసి వాళ్ల సిద్ధాంతితో మాట్లాడటం మొదలుపెట్టింది. మాట్లాడి లేచొచ్చి మేడం గది తలుపు దగ్గర నిలబడింది.

"పదకొండు గంటల పన్నెండు నిమిషాల దాంక పుష్యమి నక్షత్రమట మేడం. ఆ తర్వాత ఆశ్లేష. ఆశ్లేషల పుడితే ఇంట్ల ఆడోళ్లకు గండమట. నాకు షుగరున్నది, బీపీ ఉన్నది. జర మీరే చూడాలె."

"కాన్పు మన చేతిలో ఉంటదా అమ్మా? తొందరగానే అయ్యేట్టుంది."

"పుట్టుడు గాదు మేడం. బొడ్డు కోసిన టైమే అసలు టైమట. తల్లి నుంచి తెగినప్పుడే పిల్ల పుట్టినట్టు లెక్కట. అయ్యగారు గట్ల చెప్పిండు."

"సరే, చూద్దాం" అంది మేడం.

ట్రేలో గుడ్డలు సర్దుతున్న సాలవ్వ చేయి ఒక్క క్షణం ఆగింది. పదకొండు పన్నెండుకు ముందే అయిపోతే బాగుండు దేవుడా అనుకుంది. పది గంటలకే అయిపోతే ఎవరి గొడవా ఉండదు.

అవలేదు. పదిన్నర అయింది, పదకొండయింది. సుష్మిత పళ్లు బిగబట్టి, మధ్యమధ్య సాలవ్వ మణికట్టును గోళ్లు దిగేలా పట్టుకుంటోంది. ఇరవై మూడేళ్లుంటాయేమో. చెంప మీద చెమటకు వెంట్రుకలు అంటుకుపోయాయి.

"ఇంతకుముందు ఒకటి మూడో నెలలనే పోయింది పెద్దమ్మా. ఇదన్న దక్కుతదా?"

సాలవ్వ కాన్పు గదిలో ఎవరికీ మాట ఇవ్వదు. ఇచ్చిన మాట నిలబెట్టే అధికారం తనకు లేదని ఆమెకు తెలుసు. కానీ ఆ పిల్ల గొంతులో ఎస్తేరు గొంతు వినిపించిందో ఏమో, ఆ రోజు నోరు ఆగలేదు.

"దక్కుతది బిడ్డా, ఎందుకు దక్కదు? తాడు నా చేతులనే ఉంటది. మాయలున్న నీ రక్తమంత దానికి పోయినంకనే కోస్తం. నేనున్న గద!"

సుష్మిత తల ఊపింది. ఆ మాట పట్టుకుని తర్వాతి నొప్పికి గట్టిగా ముక్కింది.

పదకొండు పదికి ఆడపిల్ల పుట్టింది. రెండు చేతుల్లో పట్టేంత పిల్ల. చర్మం కింద సన్నటి నరాలు కనిపిస్తున్నాయి. అరుణజ్యోతి తువ్వాలుతో వీపు రుద్దగానే కాళ్లు ముడిచింది, సన్నగా ఏడ్చింది. ఏడ్చింది! సాలవ్వ రెండు వేళ్లూ తాడు మీద వేసింది. నీలంగా, లావుగా, తడిగా ఉంది. టక టక టక అని గట్టిగా కొట్టుకుంటోంది. పో బిడ్డా, పో, తీసుకో, నీదే అదంతా అని లోలోపల అనుకుంటూ లెక్కపెడుతోంది.

తలుపు మీద దబదబా బాదారు.

"మేడం! పదకొండు పది దాటింది! కొయ్యుండ్రి మేడం!" అది శ్రావణ్ గొంతు.

"మీ కాళ్లు మొక్కుత మేడం! జెల్దిన కొయ్యుండ్రి!" అది నర్సవ్వ.

మేడం రెండు చేతులూ సుష్మిత దగ్గర ఉన్నాయి. లోపల చిరిగి రక్తం కారుతుంటే దూది అదిమి పట్టుకుని ఉంది. అరుణజ్యోతి చేతుల్లో పిల్ల ఉంది. మేడం తలెత్తి గడియారం చూసింది.

"సాలవ్వా, క్లిప్పు పెట్టి కొయ్యి."

"మేడం, అర నిమిషం కూడా కాలేదు" అంది అరుణజ్యోతి. "నెలలు నిండని పిల్ల, కనీసం..."

"నాకు తెలుసు సిస్టర్. పిల్ల బాగానే ఏడ్చింది, ఒక్క నిమిషానికి ఏం కాదు. బయట తలుపు విరగ్గొట్టేట్టున్నారు. సాలవ్వా, కొయ్యి."

"ఇంకా కొట్టుకుంటున్నది మేడం" అంది సాలవ్వ.

మేడం ఆమె వైపు చూసింది. ఇరవై నాలుగేళ్ల కిందటి చూపే. సాలవ్వ అంతకుమించి ఒక్క మాట అనలేకపోయింది. కావాలంటే కత్తెర కింద పడేసి ఉండొచ్చు. చేయి వణికిందని చెప్పి ఉండొచ్చు. క్లిప్పు దొరకలేదని ట్రే వెతుకుతూ ఒక నిమిషం గడిపేసి ఉండొచ్చు, అది ఎవరికి తెలిసేది? ఇవన్నీ ఆమెకు తర్వాత తోచాయి. అప్పుడు మాత్రం చేతులు వాటంతట అవే కదిలాయి. పెద్దవాళ్లు చెప్పింది చేయడం తప్ప ఆ చేతులకు మరో పని ఎవరు నేర్పారు? ఇటొక క్లిప్పు, అటొక క్లిప్పు. మధ్యలో కత్తెర. కోస్తున్నంతసేపూ వేళ్ల కింద కొట్టుకుంటూనే ఉంది, కోశాక మాయ వైపు ముక్కలో ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

"పదకొండు పదకొండు" అని అరుణజ్యోతి గోడ వైపు చూస్తూ చెప్పింది. ఆ మాట బయటికి వినపడినట్టుంది. "అమ్మయ్య!" అని నర్సవ్వ గట్టిగా అంది.

సుష్మిత తల కొంచెం పైకెత్తి చూసింది. "అప్పుడే కోసిన్రా పెద్దమ్మా?"

సాలవ్వ మొహం తిప్పుకుంది. ట్రే తీసుకుని అవతలికి జరిగింది.

పది నిమిషాలకు మాయ పడింది. ఆగి కోసినప్పుడు మాయ పలచగా, పిండి ఆరేసిన గుడ్డలా వస్తుంది. ఇది నిండుగా, బరువుగా ఉంది. బేసిన్‌లో పెట్టి వెనక్కి మోసుకెళ్తుంటే తాడు కొసనుంచి చిక్కటి రక్తం కారింది. ఆ రక్తం ఎవరిదో సాలవ్వకు తెలుసు. గుంట దగ్గర నిలబడి చాలాసేపు పోయలేకపోయింది. తర్వాత పోసింది.

ఆమె లోపలికొచ్చేసరికి పిల్ల రంగు మారింది. పెదవులు తెల్లగా ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పీక్కుపోతున్నాయి, మూలుగులాంటి చప్పుడు వస్తోంది. మేడం ఆక్సిజన్ పెట్టి, వెంటనే కామారెడ్డి పిల్లల ఆసుపత్రికి రాసింది. అరుణజ్యోతి తల్లి దగ్గర ఉండాలి కాబట్టి పిల్లను సాలవ్వ ఎత్తుకోవాలి. అరుణజ్యోతి చీటీ చేతిలో పెడుతూ గొంతు తగ్గించింది.

"ఎవరన్నా అడిగితే రెండు నిమిషాలు ఆగినమని చెప్పు సాలవ్వా. మేడం అట్లనే రాయమంది." ఆమె కళ్లలో నీళ్లున్నాయి. "నేను రాసిన. ఏం చెయ్యాలె మరి?"

నగేశ్ అంబులెన్స్‌ను ఎగరేసుకుంటూ నడిపాడు. కోటు గుండీలు విప్పి, పిల్లను జాకెట్టు లోపల రొమ్ములకు ఆనించి పట్టుకుని, ఆక్సిజన్ గొట్టం ముక్కు దగ్గర అదిమిపెట్టి కూర్చుంది సాలవ్వ. ఆ ఒంట్లో వెచ్చదనం నిలవట్లేదు. దారి పొడుగునా రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, వాటిని తప్పించడానికి నగేశ్ బండి తిప్పినప్పుడల్లా ఆమె ఊగిపోతోంది. "మెల్లగ బిడ్డా" అని ఒకసారి, "జెల్ది పో బిడ్డా" అని ఒకసారి అంటోంది. వెనకే తెల్ల కారు వస్తోంది.

కామారెడ్డిలో పిల్లల డాక్టర్ పేరు సంపత్. కుర్రవాడే. పిల్లను వెచ్చటి అద్దాల పెట్టెలో పడుకోబెట్టి, గొట్టాలు తగిలించి, చీటీ చదివి, మళ్లీ పిల్లను చూసి, అద్దాల తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు. బయట సాలవ్వ ఉంది. ఆమె పక్కనే శ్రావణ్ ఉన్నాడు.

"కాన్పులో ఉన్నది మీరేనా అమ్మా? బొడ్డు రెండు నిమిషాలకు కోసినట్టు రాశారు. పిల్ల ఇంతగా పాలిపోయింది. నిజంగా ఆగారా? ఉన్నదున్నట్టు చెప్పండి. రక్తం ఎక్కించాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి."

సాలవ్వ చీటీ వైపు చూసింది. ఇరవై నాలుగేళ్ల కొలువు ఆ చీటీలో ఉంది. ఇల్లు, అప్పుడప్పుడూ బీబీపేట నుంచి వచ్చే ఎస్తేరుకు పెట్టే అన్నం, అన్నీ అందులోనే ఉన్నాయి. అద్దంలోంచి పెట్టె కనిపిస్తోంది. పొద్దున తలుపు బాదినప్పుడు రాని మాట ఇప్పుడొచ్చింది.

"లేదు సారు. ఆగలే. అర నిమిషానికే కోసినం. నేనే కోసిన. కొట్టుకుంటుండంగనే కోసిన."

డాక్టర్ ఆమెను ఒక్క మాటా అనలేదు. లోపలికి తిరిగి "రక్తానికి రాయండి" అని కేకేశాడు. అన్నది శ్రావణే.

"నువ్వు కోసినవా? ఆయాతోని కోపిచ్చిన్రా నా బిడ్డ బొడ్డు?"

"మీరే గద పటేలా, తలుపు కొట్టి..."

"నేను టైం చెప్పిన! నిన్ను కొయ్యమని చెప్పిన్నా? చదువు రాని ముండవు, నీకేం తెలుసని ముట్టినవ్?"

చూడండి, మనుషులు ఎంత తొందరగా శుభ్రమైపోతారో! రెండు గంటల కిందట తలుపు బాదినవాడు ఎక్కడా లేడు. మొక్కుతానన్న ముసలమ్మ ఎక్కడా లేదు. కత్తెర పట్టిన చేయి ఒక్కటే మిగిలింది. శ్రావణ్ అక్కడే నిలబడి మేడంకు ఫోన్ చేసి అరిచాడు, అరుస్తూనే రక్తం చీటీ తీసుకుని బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాడు. ఆ పిల్లకు సరిపోయే రక్తం ఇంకో చోట ఉందట, అక్కడికి పొమ్మన్నారట.

పావుగంట తర్వాత సాలవ్వ ఫోన్ మోగింది.

"నీకేం చెప్పమన్నాం, నువ్వేం చెప్పావు?" మేడం గొంతు, కోపమో భయమో తెలియదు. "ఆయా కోసిందంటే నా ఆసుపత్రి ఉంటదా? నిన్నెవరు కొయ్యమన్నారు?"

"మీరే అన్నరు గద మేడం."

"రేపట్నుంచి రావద్దు సాలవ్వా" అని ఫోన్ పెట్టేసింది.

సాలవ్వ బెంచీ మీద కూలబడింది. ఏడుపు రాలేదు. కొలువు పోయినందుకు ఏడవాలని కూడా గుర్తు రాలేదు. అదే బెంచీ రెండో చివర నర్సవ్వ ఫోన్ చెవికి ఆనించుకుని సిద్ధాంతితో మాట్లాడుతోంది. "అట్లనా... మొదటి పాదానికి అంత దోషం లేదా... శాంతి చేయించుకుంటే సరిపోతుండెనా..." అని, ఫోన్ ఒడిలో వేసుకుని, "గా ముక్క పొద్దుగాలనే చెప్పొద్దా అయ్యగారూ" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

సాయంత్రం అయిదు కావొస్తుండగా డాక్టర్ సంపత్ బయటికొచ్చాడు. చేతి తొడుగులు తీసేసి ఉన్నాడు. నర్సవ్వకు మెల్లగా చెప్పాడు. ఆమె గొల్లుమంది. డాక్టర్ వెనక్కి తిరగబోతుంటే సాలవ్వ ఆపింది.

"ఆగి కోస్తే బతికేదా సారు?"

"చెప్పలేను అమ్మా. ఊపిరితిత్తులు కూడా సరిగ్గా తయారుకాలేదు. ఆగి ఉంటే ఇంకొంచెం బలం ఉండేది. అంతవరకే చెప్పగలను."

బతికేదన్నా బాగుండేది, బతకదన్నా బాగుండేది. ఇప్పుడీ మాటతో ఆమె మిగతా రోజులన్నీ వెళ్లదీయాలి. ఎల్లారెడ్డిలో మంచం మీద ఉన్న సుష్మితకు ఎవరు చెబుతారో, చెప్పేటప్పుడు ఎవరి పేరు చెబుతారో కూడా సాలవ్వకు తెలుసు. నేనున్న గద అని అన్న నోటిని కొట్టుకోవాలనిపించింది.

శ్రావణ్ మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. చేతిలో నల్ల ప్లాస్టిక్ కవరు ఉంది. "దొరికింది, దొరికింది" అంటూ వచ్చి, తల్లి మొహం చూసి ఆగిపోయాడు. కవరును బెంచీ మీద పెట్టి, గోడకు నుదురు ఆనించి, ఏడవడం చేతకానివాడిలా ఏడ్చాడు. సాలవ్వకు వాడి మీద కోపం రావాల్సింది. జాలి వచ్చింది, అందుకు తన మీద తనకే మంట పుట్టింది.

పిల్లను తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చారు. నర్సవ్వ ఎత్తుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"నీ చేతిల ఏం పాపమున్నదే, నా ఇంటి మీద పడ్డవ్!"

సాలవ్వ లేచి తలెత్తి నిలబడింది. బతుకంతా పెద్దిళ్ల వాళ్ల ఎదుట దించిన తలే అది.

"ఉన్నది అమ్మా, నా చేతిల పాపమున్నది. కాదంటలేను. నీ నోట్ల గూడ ఉన్నది. ఇద్దరం కలిసే కోసినం."

నర్సవ్వ తెల్లగుడ్డ మూటను గుండెకు అదుముకుంది. శ్రావణ్ ఆమె భుజం పట్టుకుని మెట్ల వైపు నడిపించాడు. కింద కారు తలుపులు పడిన చప్పుడు వినిపించింది. నగేశ్ అంబులెన్స్ తీసుకుని మధ్యాహ్నమే వెళ్లిపోయాడు. సాలవ్వను ఎక్కించుకుపోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆమె కోటు విప్పి మడిచి చంకలో పెట్టుకుంది. ఇక అది వేసుకుని బస్సెక్కడం ఎందుకు? ఆరింటి ఎల్లారెడ్డి బస్సుకు ఇంకా టైముంది. నల్లా దగ్గరికెళ్లి చేతులు కడుక్కుంది, ఇంకోసారి కడుక్కుంది, మెట్లు దిగిపోయింది. వరండా ఊడ్చే ఆమె వచ్చి బెంచీ కింద చీపురు పెట్టి, పైనున్న కవరు చూసి, "ఇదెవరిదమ్మా?" అని అటూ ఇటూ చూసింది. నల్ల కవరు ఒక పక్కకు జారి ఉంది, లోపలి సంచి మీద సుష్మిత బేబీ అని చీటీ అంటించి ఉంది, చీటీ కింద అరచేతిలో పట్టేంత రక్తం ఇంకా చల్లగా, సీలు విప్పకుండా ఉంది.